చెక్క పెట్టెకు జీడి నూనె

మా అప్ప ఒకరోజు నన్ను సూటిగా ఒక ప్రశ్న అడిగింది. జవాబు నాకు తెలుసు. చెప్పలేదు. చెప్పకపోగా నవ్వుతూ ఇంకో మాట అన్నాను. ఆ మాట పట్టుకుని అత్తవారింట్లో ఆమె చేత పని మాన్పించారు. ఆమె తన భర్తను ముట్టుకోవడం మానేసింది. ఇదంతా నా కళ్ళ ముందే జరిగింది.

పెట్రోలు కారును ఇంట్లోనే కరెంటు కారుగా మార్చిన మనిషిగా మా వైపు నన్ను కొంతమంది ఎరుగుదురు. పలాసలో, టెక్కలిలో ఆ బండి గురించి అడిగిన వాళ్ళందరికీ నేనే ఓపిగ్గా చెప్పేవాణ్ణి. చెప్పిన ప్రతిసారీ ఒక భాగం వదిలేసి చెప్పాను. ఇప్పుడు రాస్తున్నది ఆ భాగం. మిగతాది కూడా కొంచెం రాయాలి, లేకపోతే ఇది అర్థం కాదు.

మా వైపు అక్కను అప్ప అంటాం. మా అప్పను ఉద్దానంలో, సముద్రం గాలి తగిలే ఊళ్ళో ఇచ్చారు. బావకు కొబ్బరి, కొంచెం జీడి తోట ఉన్నాయి. ఉద్దానంలో చాలామందికి వచ్చిన కిడ్నీ జబ్బే ఆయనకూ వచ్చింది. మందులతో కొన్నేళ్ళు లాక్కొచ్చాక డయాలసిస్ తప్పలేదు. వారానికి రెండుసార్లు పలాస రావాలి. మిషన్ సూదులు గుచ్చడానికి వీలుగా ఎడమ చేతి మణికట్టు పైన నరం కలిపి చిన్న ఆపరేషన్ చేశారు. ఆ చేతిని ఆయన చంటిపిల్లను చూసుకున్నట్టు చూసుకునేవాడు. దాంతో బరువు మొయ్యకూడదు, దాని మీద తల పెట్టి పడుకోకూడదు.

మా అప్ప పెళ్ళికి ముందు నుంచీ జీడి పనిలో ఉంది. ఉడకబెట్టిన జీడి పిక్కను కత్తి మిషన్ మీద పెట్టి, కాలితో తొక్కి, పప్పు విరక్కుండా రెండు చెక్కలు చెయ్యడం ఆమె పని. తొక్కలోంచి కారే నూనె చర్మానికి తగిలితే బొబ్బ లేస్తుంది. అందుకని ఆడవాళ్ళు చేతులకు ఆముదం, బూడిద రాసుకుని కూర్చుంటారు. ఎంత రాసుకున్నా వేళ్ళ చివర్లు నల్లబడిపోతాయి. మా అప్ప వేళ్ళు అలాగే ఉంటాయి. బావకు జబ్బు చేశాక కూడా డయాలసిస్ లేని రోజుల్లో ఆమె ఊరి దగ్గర ఫ్యాక్టరీకి వెళ్ళేది. ఇల్లు దాని మీదే నడిచేది. అంతకంటే ముఖ్యం, అక్కడ ఆమెకు పేరుంది. గుండు పప్పు విరక్కుండా తియ్యాలంటే ఆమె తర్వాతే ఎవరైనా అనేవారు.

నాకు కాశీబుగ్గలో ఇన్వర్టర్లు, బ్యాటరీల షాపుంది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదువుకున్నాను. తుపాను వచ్చి స్తంభాలు పడిపోయినప్పుడల్లా మాకు వ్యాపారం. బ్యాటరీలు మోయడానికి ఒక పాత చిన్న కారు ఉండేది. రేడియేటర్‌లో నీళ్ళు చూసుకోకుండా నడిపి దాని ఇంజను పట్టేసేలా చేశాను. అది షాపు వెనక రేకుల షెడ్డులో పడి ఉండేది.

బావ డీజిల్ ఆటోలో వచ్చేవాడు. మిషన్ మీంచి దిగాక మనిషికి ఒంట్లో సత్తువ ఉండదు, బీపీ పడిపోతుంది. ఆటో కుదుపులకు, పొగ వాసనకు దారిలోనే వాంతులయ్యేవి. ఒకసారి నా షాపు ముందు ఆటో ఆపించుకుని, పక్కనున్న కాలవ గట్టున కూర్చుని కక్కుకున్నాడు. అప్ప వీపు రాస్తోంది. నేను నీళ్ళ సీసా ఇచ్చాను.

"బావా, నాకో కారుంది గదా. దాన్ని కరెంటు మీద నడిచేలాగ సేసీనా? పొగుండదు, సప్పుడుండదు."

"నీ ఇన్వొర్టరు కరెంటుపోతే అయిదు నిమిసాలు ఫేను తిరగదు. కారేటి తిప్పుతావురా బామ్మర్దీ?" అన్నాడు, మూతి తుడుచుకుంటూ.

అలా మొదలైంది. బావ కోసమే మొదలుపెట్టానని అందరితో అన్నాను. అది నిజం. షెడ్డులో పడి ఉన్న కారును చూసినప్పుడల్లా దాన్ని నా చేత్తో కదిలించాలని అంతకుముందు నుంచే నాకు ఉందన్నదీ నిజమే.

ఇంజను, సైలెన్సరు, రేడియేటరు, పెట్రోలు ట్యాంకు అన్నీ పీకేశాను. గేరు బాక్సు ఉంచాను. మోటారు, దాన్ని అదుపు చేసే కంట్రోలరు లారీ ట్రాన్స్‌పోర్టులో తెప్పించాను. మోటారుకు, గేరు బాక్సుకు మధ్య బిగించే లోహపు పలక ఒకటి కావాలి. రెండింటి ఇరుసులూ ఒకే గీత మీదకు రావాలి, కాస్త తేడా ఉన్నా బండి వణుకుతుంది. ఆ పలకను టెక్కలిలో, గ్రానైట్ రాయి కోసే మిషన్లు బాగుచేసే లేత్ షాపులో చేయించాను. మొదటిది సరిపోలేదు. రెండోదీ సరిపోలేదు. మూడోసారి నేను కొలతలు పట్టుకెళ్ళేసరికి లేత్ ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏటి బాబూ, బండికి మోటారెడతన్నారా, మోటారుకి బండి కడతన్నారా? ఏదో ఒకటి తేల్సీసి రండి."

పలక కుదిరాక ఒక ఆదివారం షెడ్డులోంచి బయటికి తీశాను. బండి కదిలింది. చప్పుడే లేదు. దారిలో పడుకున్న కుక్క లేవలేదు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఎవులైనా తోస్తన్నారేటి?" అని అడిగింది. ఆ సంతోషంలో నేను గట్టిగా బ్రేకు తొక్కాను. బ్రేకు రాయిలా ఉంది. కారు మెల్లగా, ఏ మాత్రం తొందర లేకుండా వెళ్ళి ప్రహరీ గోడకు గుద్దుకుంది. బ్రేకు తేలిగ్గా పడడానికి కావాల్సిన గాలి లాగుడు ఇంజను నుంచి వస్తుంది. ఇంజను తీసేసిన వాణ్ణి నేనే, ఆ సంగతి మరిచిపోయినదీ నేనే. దానికి వేరే చిన్న పంపు పెట్టాను. వీధిలో వాళ్ళు కొన్నాళ్ళు నన్ను ఆపి, "గోడ బాగుందా?" అని అడిగేవారు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే రాయాలి. అలా ఇంట్లో మార్చిన బండికి రవాణా శాఖ అనుమతి కావాలి. నేను తీసుకోలేదు. అడిగిన వాళ్ళకు "అప్లై చేశాను" అని చెప్పేవాణ్ణి. చెయ్యలేదు.

బ్యాటరీ సెల్లులు డిక్కీలో పట్టినన్ని పెట్టాను. ఉద్దానం వెళ్ళి బావను తెచ్చి, మళ్ళీ దింపి, నేను తిరిగి రావాలంటే అవి చాలవు. అందుకని వెనక సీటులో ఎడమ సగం తీసేసి అక్కడ రెండో పెట్టె పెట్టాను. మొదట ఇనప పెట్టె చేయించాను. అప్ప వాళ్ళ ఊళ్ళో కిటికీ చువ్వలు కూడా రేకుల్లా రాలిపోతాయి. బావను ఎక్కించకముందే, ఆ ఊరిదాకా ఖాళీగా నడిపి చూస్తున్న కొన్ని నెలల్లోనే పెట్టె మూలల్లో తుప్పు పొక్కులు లేచాయి. ఆ తుప్పు రాలి సెల్లుల మీద పడితే ప్రమాదం. అప్పుడు చెక్క పెట్టె ఆలోచన వచ్చింది. ఉద్దానంలో పనస కలపకు లోటు లేదు. మంచి పలకలు బావే ఇచ్చాడు.

చెక్కకు తేమ పట్టకుండా ఏం పుయ్యాలన్నది మిగిలింది. ఆ రోజుల్లోనే డొంకూరులో ఒక ముసలి మత్స్యకారుడి ఇంట్లో ఇన్వర్టరు బిగించడానికి వెళ్ళాను. ఒడ్డున అన్నీ ఫైబరు పడవలే. వాటి మధ్య ఒక పాత కర్ర పడవ బోర్లా పడి ఉంది. దాని నల్లటి పూత గోరుతో గీరినా ఊడలేదు.

"దీనికి ఏటి పూసినారు తాతా?"

"జీడి నూని. మా అయ్య కాలంనాటి పడవది. ఇప్పుడెవులు పూస్తన్నారు, అందరికీ పైబరే."

"నానూ ఒక పెట్టెకి పూద్దామనుకుంటన్నాను."

"పూసుకో. పూసీసి ఎండలో ఒగ్గీయాల. ఎండాకాలమంతా ఒగ్గీయాల. సెయ్యెడితే అంటకూడదు. దాని మీద నువ్వు తొంగున్నా ఏటీ అవకూడదు. అప్పుడే నీళ్ళకి దింపాల."

పలాసలో జీడి తొక్కల నుంచి నూనె తీసే మిల్లుంది. అక్కడ డబ్బాతో తెచ్చాను. ప్లాస్టిక్ సంచులు చేతులకు కట్టుకుని పూశాను. అయినా మణికట్టు దగ్గర ఒక చుక్క తగిలి బొబ్బ లేచి, నల్లటి మచ్చ పడింది. కాబట్టి ఆ నూనె ఏం చేస్తుందో నాకు తెలియదని అనడానికి వీల్లేదు.

అప్పటికి వానలు మొదలయ్యాయి. ఎండ లేదు. బావ ఆటోలో అవస్థ పడుతూనే ఉన్నాడు. పెట్టెను షాపులో పెట్టి ఫ్యాను కింద ఆరబెట్టాను. పైపైన ఆరింది. ముట్టుకుంటే అంటలేదు. పడవను సముద్రం తప్ప ఎవరూ రాసుకుని కూర్చోరు, పెట్టె పక్కన మనిషి కూర్చుంటాడు. ఈ తేడా అప్పుడు నాకు తట్టలేదు. పెట్టె మీద దుప్పటి మడత వేసి, దాని పైన ముదురు గోధుమరంగు గుడ్డ కుట్టించాను. చూడ్డానికి సోఫా చెయ్యిలా ఉంది.

బావ కారెక్కిన మొదటి రోజు నాకు బాగా గుర్తుంది. నా వెనక సీటులో కూర్చుని, ఎడమ చెయ్యి పెట్టె మీద ఆనించుకున్నాడు. చేతికి సరిగ్గా సరిపోయే ఎత్తు. అప్ప ముందు సీటులో కూర్చుంది. కొబ్బరి తోటల మధ్య నుంచి వస్తుంటే ఆకుల చప్పుడు వినిపిస్తోంది.

"ఏటే, బండి నడుస్తందా, మనమే పేణాలు ఒగ్గీసినామా?" అన్నాడు బావ.

"నోరు మూసుకుని తొంగోండి. మీకు ఊరికే ఏదో ఒకటి అనకపోతే గడవదు" అంది అప్ప. నవ్వుతోంది.

వాంతులు కాలేదు. తిరుగు దారిలో పెట్టె మీద చెయ్యి, దాని మీద చెంప పెట్టుకుని నిద్రపోయాడు. వాలకూడని చేతి మీద వాలుతున్నాడని అప్ప గమనించి, తల కింద తువ్వాలు చుట్ట పెట్టింది. ఆ తువ్వాలు కూడా పెట్టె మీదే.

ఫోనుతో వీడియోలు తీసి పెట్టే ఒకాయన సోంపేట వైపు నుంచి వచ్చి మా బండిని తీశాడు. బావ అందులో మాట్లాడాడు. "మా బామ్మర్ది సేసినాడు. నా గురించే సేసినాడు" అన్నాడు. చాలామంది చూశారు. హరిశ్చంద్రపురం నుంచి ఒక మాస్టారు తన కారు కూడా మార్చమని వచ్చి అడిగారు. నేను షాపులో కూర్చునే పద్ధతే మారిందని మా ఆవిడ అనేది.

వానలు తగ్గి ఎండలు కాశాయి. డయాలసిస్ అయ్యేంతసేపూ కారు ఆసుపత్రి ఆవరణలో అద్దాలు మూసి ఎండలో ఉండేది. సెల్లులు కూడా నడిచి వచ్చిన వేడి మీద ఉండేవి. మనిషి తిరిగి ఎక్కేసరికి లోపల పొయ్యిలా ఉండేది. కొన్ని వారాలకు బావ ఎడమ చేతి కింది వైపు, మెడ మీద, చెంప మీద ఎర్రటి దద్దుర్లు వచ్చాయి. తర్వాత నీటి బొబ్బలు. అవి పగిలి నల్లటి పొరలు. కిడ్నీ జబ్బు మనుషులకు దురద మామూలే, ఒళ్ళు నల్లబడడమూ మామూలే. అందుకని మొదట ఎవరూ పట్టించుకోలేదు. పూత మందు రాశారు. కానీ సూదులు గుచ్చే చోటికి బొబ్బలు పాకేసరికి గుచ్చడానికి జాగా దొరక్క నర్సులు ఇబ్బంది పడ్డారు. ఆ చెయ్యి పాడైతే ఇంకో చేతికి మళ్ళీ ఆపరేషన్ చెయ్యాలి, అది కుదిరేదాకా మెడలో గొట్టం పెట్టాలి అని డాక్టరు చెప్పారు.

ఒక మధ్యాహ్నం వాళ్ళను దింపాను. అరుగు మీద కూర్చుని అప్ప బావ చేతిని వెలుగులోకి తిప్పి చూస్తోంది. బావ తల్లి గుమ్మానికి ఆనుకుని వక్క నములుతోంది. నేను మంచినీళ్ళు తాగుతున్నాను.

"ఒరే తమ్ముడూ, ఇది రోగం దురద కాదురా. నాను ఇన్నేళ్ళు సూసినాను. జీడి పట్టినట్టుంది ఇది. నీ బండిలో ఎక్కడైనా జీడి నూని గాని ఉందేటి?"

చెంబు నా నోటి దగ్గరే ఉంది. ఆ క్షణంలోనే నాకు మొత్తం తెలిసిపోయింది. పెట్టె, ఎండ, చెయ్యి, చెంప. చెంబు దించి నవ్వాను.

"నా బండిలో జీడేటప్పా? జీడి పన్లో ఉన్నది నువ్వు గదా."

అంతే అన్నాను. ఆలోచించి అన్నది కాదు. కానీ అన్నాక వెనక్కి తీసుకోవడానికి కావాల్సినంత సమయం ఉంది. బావ తల్లి నమలడం ఆపింది.

"నిజమే గదేటి. ఆ సేతుల్తోనే గదా నువ్వు ఆడికి ఒళ్ళు రుద్దుతున్నావు. ఆ సేతుల్తోనే అన్నం ఎడతన్నావు" అంది కోడలితో.

"ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడు ఒచ్చిందేటత్తా?"

"ఇన్నేళ్ళూ ఆడి రకతం బాగుండీది. ఇప్పుడు పచ్చి పుండులాగున్నాడు. తట్టుకుంతాడేటి?"

అప్ప తన చేతులు చూసుకుంది. బావ, "ఒగ్గీయమ్మా, అదేటి సేసింది?" అన్నాడు. కానీ చెయ్యి మెల్లగా తన ఒళ్ళోకి లాక్కున్నాడు. అది అనుమానంతో చేసిన పని కాదనుకుంటాను. నొప్పికి చేసి ఉంటాడు. అప్ప దాన్ని చూసింది.

నేను షాపుకు వచ్చి, షట్టరు సగం దించి, పెట్టె మీద కుట్టిన గుడ్డ కోశాను. కింద దుప్పటి తడిగా ఉంది. ఎండ వేడికి చెక్క లోపలి నూనె చెమట పట్టినట్టు పైకి వచ్చి దుప్పటంతా పీల్చుకుంది. ముదురు గుడ్డ కాబట్టి మరక కనబడలేదు. సెల్లులు తీసి, పలకలు విడగొట్టి, షెడ్డు వెనక కాల్చేశాను. ఆ పొగకు కళ్ళు మండాయి. మళ్ళీ ఇనప పెట్టె చేయించి, ఈసారి మందంగా రంగు వేయించాను. పెట్టె ఎందుకు మార్చావని బావ అడిగితే, "సెల్లులు మార్సినాను బావా, ఇందులో బాగా పడతన్నాయి" అన్నాను.

అదే వారం అప్ప ఫ్యాక్టరీ మానేసింది. అత్త మాన్పించిందని ఊళ్ళో అనుకున్నారు. తనంతట తనే మానిందని అప్ప చెప్పేది. వంట మాత్రం చేసేది, చేతులకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని. బావకు నూనె రాయడం, ఒళ్ళు తుడవడం ఆయన తల్లి చేసేది. ముసలిది నడుం పట్టుకుని వంగలేక వంగేది.

బొబ్బలు తగ్గాయి. పెట్టె మారింది కాబట్టి తగ్గాయి. అప్ప పని మానింది కాబట్టి తగ్గాయని ఇంట్లో అనుకున్నారు. రెండూ ఒకే వారంలో జరిగాయి. ఇంక ఋజువు ఏం కావాలి? బావ తల్లి వచ్చిపోయే వాళ్ళకు చెప్పేది, "మా కోడలి సేతులు. పాపం దానికీ తెలీదు" అని. ఆ "పాపం" అనే మాట అప్ప వినేలాగే అనేది. అప్ప కూడా నమ్మింది. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. జీడి పట్టడాన్ని ఒక్క చూపులో గుర్తుపట్టిన మనిషి, తను గుర్తుపట్టినది నిజమని తెలిశాక, అది తన చేతుల నుంచే వచ్చిందని నమ్మింది.

నేను వారానికి రెండుసార్లు వాళ్ళను తీసుకెళ్తూనే ఉన్నాను. నా పక్క సీటులోనే అప్ప కూర్చునేది. చేతులు కొంగులో చుట్టుకుని ఒళ్ళో పెట్టుకునేది. ఒక్క వాక్యం చెబితే చాలు. రోడ్డంతా ఉంది. టైర్ల గురించి మాట్లాడాను, రైలు గేటు పడిందా లేదా అన్నది మాట్లాడాను. చెప్పకపోవడానికి నాలో నేను చాలా కారణాలు చెప్పుకున్నాను. ఇప్పుడెలాగూ తగ్గిపోయింది కదా. చెబితే బావ ఈ బండి ఎక్కడు, మళ్ళీ ఆటో, మళ్ళీ వాంతులు. ఈ రెండోది అన్నిటికంటే మంచిగా కనబడే కారణం. అసలు కారణం ఆ వీడియో. "నా గురించే సేసినాడు" అని ఆయన అన్న మాట పోగొట్టుకోలేకపోయాను.

ఇలా చలికాలం వెళ్ళింది, వేసవి వచ్చింది.

మిషన్ నుంచి విడదీశాక సూది తీసిన చోట దూది పెట్టి కాసేపు గట్టిగా అదిమి పట్టుకోవాలి. ఆ చేతిలో రక్తం చాలా జోరుగా ప్రవహిస్తుంది. పట్టు వదిలితే చిమ్ముతుంది. ముందు రోజుల్లో అది అప్ప పని. ఎంత నొక్కాలో ఆమె బొటనవేలికి తెలుసు, నర్సులు కూడా ఆమెకు వదిలేసి వెళ్ళేవారు. పని మానేశాక ఆమె దూరంగా నిలబడేది, నర్సు పట్టీ వేసి పంపేది.

ఆ రోజు బావను బయట బల్ల మీద కూర్చోబెట్టి నేను కారు తేవడానికి వెళ్ళాను. తిప్పుకుని వచ్చేసరికి బల్ల చుట్టూ మనుషులున్నారు. పట్టీ జారింది. బావ లుంగీ, బల్ల, నేల ఎర్రగా ఉన్నాయి. బావ కుడి చేత్తో పట్టుకోబోతున్నాడు, వేళ్ళు జారిపోతున్నాయి. అప్ప ఆయనకు అడుగు దూరంలో నిలబడి ఉంది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒక చేతిని ఇంకో చేత్తో గట్టిగా పట్టుకుని, అరుస్తోంది.

"ఎవులైనా అట్టుకోండమ్మా! నాను ముట్టుకోకూడదు! ఎవులైనా అట్టుకోండి!"

వేరే రోగి తాలూకు ఒకావిడ పరుగెత్తుకొచ్చి తన కొంగుతో అదిమింది. లోపలి నుంచి నర్సు వచ్చింది. రక్తం ఆగింది. ఆ పట్టుకున్నావిడ లేచి అప్పను ఎగాదిగా చూసి, "నీ మొగుడే గదమ్మా? బొమ్మలాగ నిల్సున్నావేటి?" అంది. అప్ప చేతులు ఇంకా వెనకే ఉన్నాయి.

లోపల మళ్ళీ పడుకోబెట్టి, సెలైను పెట్టి, సాయంత్రం పంపించారు. దారిలో బావ నిద్రపోలేదు. ఇంటి ముందు దింపాక మామూలుగా అయితే బండి తిప్పుకుని వెళ్ళిపోతాను. ఆ రోజు దిగి అరుగు మీద కూర్చున్నాను. బావ తల్లి అక్కడే ఉంది. ఆమె కూడా ఉండాలని నాకు అనిపించింది. ఆ రోజు నేనన్న మాట ఆమె ముందే అన్నాను.

మొదట పెట్టె గురించి చెప్పాను. డొంకూరు పడవ, మిల్లు నూనె, వానలు, ఫ్యాను, ఎండకు నూనె పైకి రావడం. షాపులో ఇన్వర్టరు ఎందుకు పాడైందో చెప్పినట్టు వరసగా చెప్పుకుపోయాను. బావ తన చేతిని చూసుకున్నాడు.

"అయితే నా పనస సెక్కలే నన్ను కాల్సినాయన్నమాట" అన్నాడు. నవ్వబోయాడు, రాలేదు.

బావ తల్లి, "ఆ మాట అప్పుడు సెప్పడానికి నీకు నోరు పడిపోనాదేట్రా?" అంది. అని, కోడలి వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

అప్ప అరుగుకు ఎదురుగా తులసికోట పక్కన కుళాయి దగ్గర బావ లుంగీ నానబెడుతోంది. తొడుగులు వేసుకునే ఉంది. కుళాయి కట్టేసింది.

"నానడిగిన రోజుకి నీకు తెలుసునా?"

"అప్పుడే తెలిసింది."

"నానడిగినప్పుడా?"

"అడిగినప్పుడే."

ఆమె ఒక తొడుగు తీసింది. రెండోది తీసింది. గట్టు మీద పెట్టింది. తర్వాత సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆమె మళ్ళీ ఫ్యాక్టరీకి వెళ్తోంది. కానీ కత్తి మిషన్ దగ్గర ఆమె చోటు వేరేవాళ్ళకు ఇచ్చేశారు. ఇప్పుడు పొట్టు తీసే గదిలో, కొత్తగా వచ్చిన వాళ్ళతో కూర్చుంటోంది. బావ నా కారులోనే వస్తున్నాడు. దూది అప్పే అదిమి పట్టుకుంటోంది. నాతో మాట్లాడుతుంది, అవసరం ఉన్నంత.

ఆ సాయంత్రం నేను చెప్పినది వివరణ మాత్రమే అని నాకు అక్కడే తెలిసింది. నూనెదీ, ఎండదీ తప్పు చెప్పాను. నాది చెప్పలేదు. లేచి కుళాయి దగ్గరికి వెళ్ళాను. ఆమె తలెత్తలేదు. లుంగీ పిండుతోంది. నేను అన్నది ఇది, ఇంతకంటే బాగా అనడం నాకు చేతకాలేదు.

"అప్పా, పెట్టె సంగతి తెలీక సేసినాను. కానీ నీ సేతుల మీదకి తోసింది తెలిసే తోసినాను. అందరూ నిన్ను అంటంటే ఇన్నాళ్ళు ఇని ఊరుకున్నాను. నీ సేతుల వల్ల బావకి ఏటీ అవలేదు. తప్పు నాదప్పా. నన్ను సెమించు."